కౌంట్లు పెరిగేదాకా

1993లో వచ్చిన ‘మాతృదేవోభవ’ సినిమా చూసి ఏడవని ఇల్లు మన జిల్లాల్లో తక్కువ. అందులో తల్లికి వచ్చింది బ్లడ్ క్యాన్సర్. ఆ తరం వాళ్లకి ఈ జబ్బు పేరు వినగానే గుర్తొచ్చేది ఆ సినిమా ముగింపే. అందుకే నరసరావుపేటలోనో ఒంగోలులోనో రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు “పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి” అన్న సాయంత్రానికే ఇంటి నిండా జనం చేరతారు. జబ్బు మనిషి ఇంకా నడుస్తూనే ఉంటాడు, వచ్చినవాళ్లకి కాఫీ పెట్టమని చెబుతూనే ఉంటాడు. అతని ఎదుటే, పోయిన మనిషి గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు.

ఈ అధ్యాయం ఆ ఇంట్లోని భార్య కోసం, లేదా భర్త కోసం. అంత సందడిలోనూ మీరు డాక్టర్ని అడగాల్సింది ఒకటుంది: ఏ రకం?

బ్లడ్ క్యాన్సర్ అంటే ఒక్క జబ్బు కాదు. ల్యుకేమియా, లింఫోమా, మైలోమా అని మూడు పెద్ద కుటుంబాలున్నాయి. ల్యుకేమియాలో మళ్లీ ఏఎంఎల్, ఏఎల్ఎల్, సీఎంఎల్ వంటివి. వీటిలో దేని దారి దానిదే. ఏఎంఎల్ అయితే రోజుల్లోనే ఆసుపత్రిలో చేరాలి, మొదటి విడతే నెల దాకా పడుతుంది, ఆ తర్వాత ఇంకొన్ని విడతలుంటాయి. ఏఎల్ఎల్ వైద్యం చివరి మాత్రల దశతో కలిపి రెండు, రెండున్నరేళ్లు నడుస్తుంది. మైలోమాకి కొన్ని నెలలు మందులిచ్చి, ఒళ్లు తట్టుకుంటుందనుకుంటే రోగి మూలకణాలే తీసి మళ్లీ ఎక్కిస్తారు. సీఎంఎల్ వచ్చిన వాళ్లలో చాలామంది రోజూ మాత్ర వేసుకుంటూ తమ పని తాము చేసుకుంటున్నారు.

ఈ సీఎంఎల్ మాత్ర కథ మన గుంటూరు వాళ్లు తెలుసుకోవాల్సింది. ఇమాటినిబ్ అనే ఆ మందుకి అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది. నోవార్టిస్ కంపెనీ గ్లివెక్ పేరుతో అమ్మినప్పుడు మన దేశంలో నెలకి లక్ష రూపాయలు దాటేది. పొన్నూరు దగ్గర గొల్లమూడిపాడులో పుట్టిన నన్నపనేని వెంకయ్య చౌదరి స్థాపించిన నాట్కో కంపెనీ 2003లో అదే మందుని వీనాట్ పేరుతో తెచ్చింది. పేటెంటు మీద ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచి, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ వాదన తోసిపుచ్చింది. నెలకి లక్ష దాటే మందు కొన్ని వేలకి దొరికే స్థితి నిలబడింది. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో (జీజీహెచ్) ఉన్న క్యాన్సర్ సెంటర్ కూడా నాట్కో కట్టించిందే. కాబట్టి సినిమాలో చూసినదాన్ని బట్టి మీ ఇంటి మనిషి రోజులు లెక్కపెట్టకండి. డాక్టరు చెప్పిన రకం పేరు కాగితం మీద రాయించుకోండి. ఇల్లు, పంట, అప్పు, పిల్లల చదువు, వీటి గురించి ఏ నిర్ణయమైనా ఆ కాగితం చూసుకున్నాకే.

మీరు చేయాల్సినవి, మీరు చేయకూడనివి

ఈ పుస్తకం చదివేవాళ్లలో చాలామంది అన్నీ తామే మోయాలనుకునేవాళ్లు. వార్డులో మీరే, మెడికల్ షాపు దగ్గర మీరే, రక్తదాతల కోసం ఫోన్లు మీరే, ఊళ్లో కూలీల లెక్కా మీరే. మొదటి పది రోజులు అలా గడిచిపోతాయి. మూడో వారంలో మీరే జ్వరంతో పడతారు. జ్వరం ఉన్న మనిషిని ఆ వార్డులోకి రానివ్వరు, రానివ్వకూడదు కూడా. అప్పుడు పక్కన ఎవరూ ఉండరు.

కాబట్టి పనుల్ని రెండుగా విడదీయండి. వేరేవాళ్లు చేయగలిగినవన్నీ వేరేవాళ్లకి అప్పజెప్పండి. మీరు మాత్రమే చేయగలిగినవి మీ దగ్గర ఉంచుకోండి. ఈ రెండోవి నిజానికి కొన్నే: ఆ మనిషిలో చిన్న మార్పు వచ్చినా పసిగట్టడం, డాక్టరు చెప్పేది విని గుర్తుపెట్టుకోవడం, రాత్రి పక్కన ఉండటం, ఇద్దరూ కలిసి నిర్ణయాలు తీసుకోవడం. ముప్పై ఏళ్లు కలిసి బతికిన మనిషికి మాట కొంచెం తడబడినా, కూర తినే తీరు మారినా మీకు తెలుస్తుంది. నర్సుకి తెలియదు.

ఇక్కడ మగవాళ్లతో ఒక మాట. మన పల్లెల్లో భర్తకి జబ్బు చేస్తే భార్య చేను వదిలేసి వెళ్లి మంచం పక్కన కూర్చుంటుంది. భార్యకి చేస్తే మాత్రం ఆమె తల్లినో, అక్కనో పిలిపించి భర్త మిరప కోతలకి తిరిగొచ్చేస్తాడు. “డబ్బు తేవద్దా మరి” అంటాడు. డబ్బు కావాల్సిందే. కానీ కోత కూలీల మేస్త్రీతో మాట్లాడటం మీ తమ్ముడూ చేయగలడు, మీ బావమరిదీ చేయగలడు. కీమో తర్వాత మూడో రోజు వాంతి చేసుకుంటున్న ఆమె తల పట్టుకోవాల్సింది మీరు. అది ఆడవాళ్ల పని అనుకుని తప్పుకోకండి.

ఫోన్లకి ఒక మనిషిని పెట్టండి. మీ అన్నయ్య కావచ్చు, ఆడబిడ్డ భర్త కావచ్చు. రోజుకి ఒకసారి మీరు వాళ్లకి చెబితే, వాళ్లు మిగతా చుట్టాలందరికీ చెబుతారు. పరామర్శకి వస్తామనే వాళ్లకి “రక్తంలో కౌంట్లు పెరిగాక రండి” అని ఆ ఒక్కరే చెప్పాలి. మీరు చెబితే తోడికోడలు నొచ్చుకుంటుంది, మేనమామ అలుగుతాడు. ఇంకొకరు చెబితే మాట అంత దూరం పోదు.

మూడో వారం

కీమో ఎక్కించిన వారం గడిచిపోగానే గండం గట్టెక్కింది అనుకుంటారు. అసలు జాగ్రత్త అప్పుడే మొదలవుతుంది. మందు క్యాన్సర్ కణాలతోపాటు మూలుగలో రక్తం తయారయ్యే చోటునీ ఖాళీ చేస్తుంది. ఆ తర్వాత కౌంట్లు పడిపోతాయి, తిరిగి లేవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో వార్డులో అందరూ అనే మాట ఒకటే: కౌంట్లు రావాలి.

నోటుబుక్కు ఒకటి కొనండి. రోజూ తేదీ వేసి నాలుగు అంకెలు రాయండి: హిమోగ్లోబిన్, మొత్తం తెల్లకణాలు, ఏఎన్‌సీ, ప్లేట్‌లెట్లు. ఏఎన్‌సీ అంటే సూక్ష్మక్రిముల మీద ముందుగా పోరాడే తెల్లకణాల లెక్క. అది 500 లోపు ఉన్నప్పుడు మామూలు జలుబు కూడా మామూలుది కాదు. ప్లేట్‌లెట్లు మామూలుగా లక్షన్నర పైన ఉంటాయి, పదివేల లోపుకి పడితే రక్తం కారకముందే ఎక్కిస్తారు. ఏ రోజు ఏం ఎక్కించారో, ఏ మందు మార్చారో, వాంతులు ఎన్నిసార్లో, మూత్రం ఎంతో కూడా రాయండి. రౌండ్స్‌లో డాక్టరు మీ దగ్గర నిలబడేది రెండు మూడు నిమిషాలు. అడగాల్సినవి ముందు రాత్రే రాసిపెట్టుకుంటే ఆ కాస్త సమయం సరిపోతుంది.

విడతల మధ్య ఇంటికి పంపినప్పుడు గుర్తుంచుకోవాల్సిన అంకె 100.4. థర్మామీటరులో 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ కనిపించిందంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోను చేసి బయల్దేరాలి. పొద్దున చూద్దాంలే అనకూడదు. డాక్టరుతో మాట్లాడకముందే పారాసిటమాల్ వేస్తే జ్వరం దాక్కుంటుంది, లోపల ఇన్‌ఫెక్షన్ మాత్రం పెరుగుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఎంత మంచివాడైనా, ఎన్నేళ్ల పరిచయమైనా, సూదిమందు వేయనివ్వొద్దు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు కండలోకి గుచ్చిన సూది వల్ల లోపల రక్తం కారి గడ్డ కట్టొచ్చు. ఒళ్లు నొప్పులకి డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటివీ వద్దు. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని ఎవరో తెచ్చిచ్చే బొప్పాయి ఆకు రసం, నాటు మందు, వీటిని డాక్టరుకి చూపించకుండా పట్టకండి.

ఆడవాళ్ల విషయంలో మగవాళ్లు అడగడానికి సిగ్గుపడేది ఒకటి: నెలసరి. ప్లేట్‌లెట్లు పడిపోయిన సమయంలో నెలసరి వస్తే రక్తస్రావం ఆగకపోవచ్చు. దాన్ని కొంతకాలం ఆపే మందులున్నాయి. ఆమె చెప్పుకోలేకపోతే మీరు డాక్టరుకి చెప్పండి.

నోటిపూత వచ్చిన రోజుల్లో మన కారం పనికిరాదు. నాలుక నుంచి గొంతు దాకా పచ్చిపుండులా ఉంటుంది. గోంగూర పచ్చడి వాసనకే ముఖం తిప్పుకుంటారు. మెత్తగా వండిన అన్నం, పెసరకట్టు, బాగా ఉడికిన గుడ్డు, కాచి చల్లార్చిన నీళ్లు పెట్టండి. ఏది వండినా అప్పటికప్పుడు వండి గోరువెచ్చగా పెట్టాలి, పచ్చి కూరగాయలు, కోసి ఉంచిన పళ్లు పెట్టకూడదు. రోజుకి నాలుగైదుసార్లు ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో పుక్కిలింపించండి. తినలేదని కోప్పడకండి. నోరంతా ఇనుము రుచిగా ఉంటే పరమాన్నమైనా సహించదు.

రక్తం ఎవరిది

మొదటి రోజునే అన్నదమ్ములంతా చొక్కా చేతులు మడిచి “నా రక్తం తీసుకోండి” అంటారు. ఆ ప్రేమని వేరే పనికి మళ్లించండి. ముందు ముందు మూలకణ మార్పిడి అవసరమైతే దాతలుగా నిలబడాల్సింది ఆ తోబుట్టువులే. వాళ్ల రక్తం ఇప్పుడు ఎక్కిస్తే, రోగి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు రేపు వాళ్ల మూలకణాల్ని తిప్పికొట్టే ప్రమాదం ఉంది. పిల్లల్ని కనే వయసులో ఉన్న భార్యకి భర్త రక్తం ఎక్కించడమూ మంచిది కాదు. ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో ఒక్కొక్కరు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకవంతు. అది లేకపోతే సగం సరిపోయే పిల్లలు, తల్లిదండ్రుల నుంచీ ఇప్పుడు మార్పిడి చేస్తున్నారు. చెన్నై కేంద్రంగా 2009లో మొదలైన దాత్రి వంటి దాతల పట్టికల్లోనూ వెతుకుతారు.

ప్లేట్‌లెట్ల బాధ వేరు. అవి ఐదు రోజులకి మించి నిలవ ఉండవు. మిషను మీద ఒక దాత నుంచే తీసే ఎస్‌డీపీకి గంటన్నర, రెండు గంటలు పడుతుంది, చేతిలో మంచి నరం కావాలి, బరువు యాభై కిలోలు దాటాలి, అంతకుముందు మూడు రోజుల్లో ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు. త్రిపురాంతకం నుంచి బస్సెక్కి హైదరాబాదు వచ్చిన మనిషిని నరం సన్నగా ఉందని వెనక్కి పంపితే ఒక రోజు పోయినట్టే. హైదరాబాదులో వైద్యం అయితే అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో కోచింగ్‌కి ఉన్న మీ ఊరి కుర్రాళ్లని కలవండి. ఊరి వాట్సాప్ గ్రూపులో ఒకరికి ఈ పని అప్పజెప్పి, బ్లడ్ గ్రూపు వారీగా పేర్లు, ఫోన్లు రాయించండి. అందరినీ ఒకే రోజు పిలవకండి. ఈ బాధ్యత ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇస్తే ఎంత శ్రద్ధగా చేస్తాడో చూస్తే మీకే ధైర్యం వస్తుంది.

పంట, డబ్బు

మొదటి వారంలో పొలం అమ్మకండి. భయంలో ఉన్నవాళ్ల పొలానికి సగం ధర చెప్పే మనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ముందు ఆసుపత్రి నుంచి వైద్యం మొత్తానికి అంచనా కాగితం తీసుకోండి, ఒక్క విడతకి కాదు. ఉన్న డబ్బంతా మొదటి నెలలోనే కార్పొరేటు గదికి పోసి, మూడో విడత నాటికి చేతిలో ఏమీ లేక వైద్యం మధ్యలో ఆపేసే ఇళ్లు చాలా ఉన్నాయి. రెండేళ్ల వైద్యానికి రెండేళ్లు సరిపోయేలా డబ్బు సర్దుకోవాలి.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ వైద్యం ఉంది. అనుబంధ ఆసుపత్రుల్లో పథకం తరఫున సాయం చేసే ఉద్యోగి కూర్చునే చోటుంటుంది. చేరకముందే అక్కడికి వెళ్లి, మీ జబ్బు రకం చెప్పి, ఏ దశకి ఏం వర్తిస్తుందో, ఏది వర్తించదో అడగండి. 104కి ఫోను చేసినా చెబుతారు. పక్క రాష్ట్రాల్లో కొన్ని ఆసుపత్రులు కూడా జాబితాలో ఉంటాయి, వెళ్లాలనుకునే ఆసుపత్రి ఉందో లేదో ముందే కనుక్కోండి. పథకం భరించని ఖర్చుకి ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి అసలు బిల్లులు కావాలి, అందుకే మొదటి రోజు నుంచి ప్రతి కాగితం ఒక సంచిలో దాచండి.

ఎక్కడికి వెళ్లాలి? గుంటూరు జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్ దగ్గర్లోనే ఉన్నాయి. హైదరాబాదులో ఎంఎన్‌జే, నిమ్స్, బసవతారకం. దక్షిణాన వేలూరు సీఎంసీ, 1954లో మొదలైన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. పేరు కంటే ముందు మూడు విషయాలు చూడండి: రాత్రిపూట కూడా పనిచేసే బ్లడ్ బ్యాంకు, ఐసీయూ, రక్తజబ్బుల డాక్టరు. నాలుగోది, మీకు మారుగా వారానికి ఒక రాత్రి వచ్చి పడుకోగలిగే మనిషి అంత దూరం రాగలరా అన్నది. దూరం వెళ్లాల్సి వస్తే రైల్వే రాయితీ మరిచిపోకండి. వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపరులో, థర్డ్ ఏసీలో టికెట్టు పూర్తిగా ఉచితం, తోడు వెళ్లే ఒకరికి ఆ తరగతుల్లో 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి డాక్టరు సంతకంతో ఇచ్చే ఫారం ఉండాలి.

ఇక చేను. నా సలహా సూటిగా చెబుతాను: ఆ ఏడు మిరప వేయకండి. నారు దగ్గర నుంచి ఆఖరి కోత దాకా మనిషి కళ్ల ముందుండాల్సిన పంట అది, పెట్టుబడి ఎకరాకి లక్ష దాటుతుంది, తెగులు వస్తే రెండు రోజులు కూడా ఆగదు. కౌలుకి తీసుకున్నదైతే నారు పోయకముందే ఆసామికి సంగతి చెప్పి వదిలేయండి. సొంత పొలంలో, ముఖ్యంగా ఒంగోలు, దర్శి వైపు, శనగ వేసుకుంటే చాకిరీ తక్కువ. చేను ఎండబెట్టుకున్నామే అన్న దిగులు ఉంటుంది. అయినా ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఫోనులో పురుగుమందు పేర్లు చెబుతూ పండించే మిరప అప్పునే మిగులుస్తుంది. పంట అప్పటికే నిలబడి ఉంటే కోతలు, యార్డుకి టిక్కీలు వేయడం, కమీషన్ కొట్టులో లెక్క, మొత్తం ఒక్కరికే అప్పజెప్పండి. వాళ్ల లెక్కని తర్వాత తప్పుపట్టకండి.

ఇంటికి వచ్చాక

మన ఇళ్లలో ధర పెరిగేదాకా పత్తి బోరేలు గదిలోనే పేర్చి ఉంచుతాం. ఎండు మిరపకాయలు కల్లంలోనూ, డాబా మీదా, కొన్నిసార్లు వరండాలోనూ ఉంటాయి. ఆ దుమ్ములో, తాలు కాయల్లో, పేడలో, తడి గడ్డిలో బూజు కణాలుంటాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి తుమ్ము తప్ప ఏమీ కాదు. కౌంట్లు తక్కువగా ఉన్న మనిషికి అవి ఊపిరితిత్తుల్లో దిగి ప్రాణం మీదికి తెస్తాయి. డిశ్చార్జికి ముందే పత్తినీ మిరపనీ ఇంట్లోంచి తరలించండి, కోల్డ్ స్టోరేజీకో, చుట్టాల ఇంటికో. పురుగుమందు కొట్టే ట్యాంకు, డబ్బాలు కూడా. రోగి గదిలో పూలకుండీ వద్దు, ఆ గది ముందు పేడ కళ్లాపి వద్దు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఊరంతా కల్లాలే అయితే, ఆ నెలలు ఆసుపత్రి దగ్గరే చిన్న గది అద్దెకి తీసుకోవడం మేలు. మార్పిడి జరిగినవాళ్లని మొదటి వంద రోజులు ఎలాగూ ఆసుపత్రి దగ్గర్లోనే ఉండమంటారు.

“మందు కొట్టడానికి నేనే పంపాను, అందుకే వచ్చిందా?” అని రాత్రిళ్లు కుమిలిపోయే భార్యలున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో లిండేన్ అనే పురుగుమందుని లింఫోమాలో ఒక రకానికి కారకంగా గుర్తించింది. అలాగని ఒక మనిషికి జబ్బు ఎందుకు వచ్చిందో ఏ డాక్టరూ వేలు పెట్టి చూపలేడు. మీరు పంపింది బతుకుతెరువు కోసం. ఇకమీదట ఆ పని ఆ మనిషి చేయకుండా చూడండి, అంతవరకే మీ చేతిలో ఉంది.

మీ ఇద్దరి మధ్య

స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చే రోజుల్లో మనిషి మారిపోతాడు. నిద్ర ఉండదు, ఆకలి ఆగదు, చిన్న మాటకి మండిపడతాడు. ఎన్నడూ గొంతు పెంచని భర్త వార్డులో అందరి ముందూ తిడతాడు. అది మందు ప్రభావమని తెలిస్తే సగం బాధ తగ్గుతుంది. మిగతా సగం ఆ క్షణానికి లేచి వరండాలోకి వెళ్లి కాసేపు ఆగి వస్తే తగ్గుతుంది.

పెళ్లయి కొద్ది కాలమైన జంటలు మొదటి కీమోకి ముందే పిల్లల సంగతి అడగాలి. మగవాళ్లకి వీర్యం భద్రపరిచే వీలుంటుంది, ఆడవాళ్లకి సమయం ఉంటే వేరే మార్గాలున్నాయి. తర్వాత అడిగి లాభం ఉండకపోవచ్చు. వైద్యం నడిచినంతకాలం గర్భం రాకూడదు, దగ్గరయ్యే విషయంలో ఏం జాగ్రత్తలో డాక్టర్ని అడగండి. అడగడానికి మొహమాటపడి నెలల తరబడి ఒకరినొకరు ముట్టుకోకుండా ఉండిపోయే జంటలున్నాయి. చేయి పట్టుకోవడానికి, పక్కన కూర్చుని తల నిమరడానికి ఏ నిషేధమూ లేదు. చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుంటే చాలు.

పిల్లలకి నిజం చెప్పండి, వయసుకి తగ్గట్టు. పదో తరగతి పరీక్షలని దాచిపెడితే, పక్కింటివాళ్ల నోటి నుంచి ఇంకా ఘోరంగా వింటారు.

మీ బీపీ మాత్ర, షుగర్ మాత్ర మానకండి. వారానికి ఒక రాత్రి ఆసుపత్రి బయట మంచం మీద పడుకోండి. ఏటా వేసే ఫ్లూ టీకా మీరూ వేయించుకోండి.

వైద్యం పనిచేయని రోజు రావచ్చు. అప్పుడు “ఇంకొక విడత ఇస్తే ఎంత లాభం, ఎంత బాధ?” అని డాక్టర్ని సూటిగా అడగండి. రోగి వినాలని కోరుకుంటే ఆ మాట తన చాటున అడగొద్దు, పక్కనే కూర్చోబెట్టి అడగండి. నొప్పి తగ్గించే పాలియేటివ్ వైద్యం గురించి చివరి వారం దాకా ఆగకుండా ముందే మాట్లాడండి. పాసుపుస్తకం, బ్యాంకు నామినీ, ఎవరికి ఎంత బాకీ, ఇవన్నీ తన నోటితో చెప్పి, తన చేత్తో సంతకం పెట్టే అవకాశం ఆ మనిషికి దక్కాలి.

కౌంట్లు పెరిగి, మూలుగ పరీక్షలో జబ్బు కనిపించలేదని చెప్పాక ఇంకో రకం కష్టం వస్తుంది. మీరు కాపలా మానలేరు. గ్లాసెడు నీళ్లు తనే తెచ్చుకోబోతే మీరు లేస్తారు. డాక్టరు ఏవి వద్దన్నాడో, ఎప్పటిదాకా వద్దన్నాడో కాగితం మీద రాయించుకోండి: కల్లం దుమ్ము, మందు కొట్టడం, జనం గుమిగూడే పెళ్లిళ్లు. ఆ కాగితంలో లేనివన్నీ ఒక్కొక్కటిగా తనకే వదిలేయండి. మొదట కిరాణా లెక్క, తర్వాత పిల్లల ఫీజు, ఆ తర్వాత వచ్చే ఏడు చేలో ఏం వేయాలో తేల్చడం.